పంపకాల కాగితం ముందు, ఓటు తర్వాత
స్కాట్లాండ్‌లోని తెలుగు ఓటర్లకు వనపర్తి నుంచి బహిరంగ లేఖ

గ్లాస్గో, ఎడిన్‌బరా, డండీ, అబర్డీన్ నగరాల్లో ఉంటున్న తెలుగువారికి, అక్కడి తెలుగు సంఘాల కార్యవర్గాలకు, స్కాట్లాండ్ వ్యవహారాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్న పాత్రికేయులకు నమస్కారాలు.

నేను 34 ఏళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మా అమ్మాయి గ్లాస్గోలో ఉంటోంది. ఆమెకు అక్కడ ఓటుంది. ఒక శనివారం రాత్రి ఫోను చేసి, "నాన్నా, స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా, వద్దా? నువ్వైతే ఎటు వేస్తావు?" అని అడిగింది. తెలంగాణ ఉద్యమంలో తిరిగిన తండ్రి కదా, జవాబు నాలుక మీదే ఉంటుందనుకుంది. లేదు. ఆ రాత్రి కూర్చుని కొన్ని ప్రశ్నలు రాసి పంపాను. ఆమె వాటిని అక్కడి ఒక తెలుగు సంఘానికి ఇచ్చి, రెండు పక్షాల వారినీ పిలిచి మనవాళ్ల కోసం ఒక సభ పెట్టమని కోరింది. మొదటిసారి జవాబు రాలేదు. రెండోసారి "మా సంఘం రాజకీయాల జోలికి పోదు" అన్నారు. మూడోసారి నేనే స్వయంగా రాశాను. దానికి జవాబుగా ఉగాది శుభాకాంక్షలు వచ్చాయి.

రాజకీయాల జోలికి పోని ఆ సంఘపు వాట్సాప్ బృందంలోనే రెండు సందేశాలు మాత్రం రోజూ తిరుగుతున్నాయట. ఒకటి: "మనం తెచ్చుకున్నాం, వాళ్లూ తెచ్చుకుంటారు, జై స్కాట్లాండ్." రెండోది: "విడిపోయిన మరునాడే మన వీసాలన్నీ రద్దు." రెండింటికీ ఆధారం లేదు. సభకు అడ్డొచ్చిన నియమం వీటికి అడ్డు రాలేదు. అందుకే ఈ ఉత్తరం నలుగురిలో రాయవలసి వచ్చింది.

మీ ఓటుకు విలువ లేదనుకోకండి. 2014 సెప్టెంబరు 18న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడ నివసించే కామన్‌వెల్త్ పౌరులకు, అంటే భారతీయులకు కూడా, ఓటు ఇచ్చారు. 16 ఏళ్లు నిండిన పిల్లలకు సైతం ఇచ్చారు. 2020లో చేసిన చట్టంతో చట్టబద్ధంగా నివసించే ఇతర విదేశీయులకూ స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు దక్కింది. మక్తల్ నుంచి వెళ్లి అక్కడ చదువుకుంటూ రాత్రిళ్లు హోటల్లో పనిచేసే కుర్రవాడు కూడా ఒక దేశపు భవితవ్యం మీద ముద్ర వేయగలడు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకి ఉన్న ఊళ్లో ఓటు రాయించడానికే మనం ఎంత సతాయిస్తామో తలచుకుంటే, అది చిన్న ఔదార్యం కాదు.

నా పక్షం ఏమిటో ముందే చెప్పడం మర్యాద. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు, బడికి తాళం పడ్డ రోజుల్లో నేను వంటా వార్పులో రోడ్డు మీద కూర్చున్నాను. విడిపోయినందుకు ఒక్కనాడూ చింతించలేదు. కాబట్టి ఒక చిన్న జాతి పెద్ద కూటమి నుంచి బయటికి వస్తానంటే, ఉన్నదాంతో సర్దుకొమ్మని చెప్పే నోరు నాకు లేదు. అడిగే హక్కు వారికి ఉంది. నా మాట ఒకటే. ఏది ఎవరి వంతుకు వస్తుందో, ఆ వంతును ఎవరు కాపలా కాస్తారో కాగితం మీద చూపించాకే ఓటు అడగమనండి. మేము ఆ కాగితం అడగలేదు. రాష్ట్రం వస్తే చాలు, మిగతావి తర్వాత చూసుకుందామన్నాం. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను, ఓపిక పట్టండి. మా నాన్న, చిన్నాన్న వేరుపడినప్పుడు చెలకను గుంటలతో సహా కొలిచి పంచారు. ఎడ్లు, బండి, ఇత్తడి బిందెలు అన్నీ పంచారు. బావి దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోయింది. "బావి ఉమ్మడి" అని ఒక ముక్క రాసి పెద్దమనుషులు లేచిపోయారు. ఆ ఒక్క ముక్క పంతొమ్మిదేళ్లు కోర్టు మెట్లు ఎక్కించింది. గుంట భూమి కోసం ఎన్నడూ తగాదా రాలేదు. రాయని నీటి కోసం వచ్చింది.

ఇక స్కాట్లాండ్ గతం క్లుప్తంగా. 1603లో స్కాట్లాండ్ రాజే ఇంగ్లండ్‌కూ రాజయ్యాడు. పార్లమెంట్లు మాత్రం 1707 దాకా వేరుగానే ఉన్నాయి. పనామా దగ్గర డేరియన్‌లో వలస స్థాపించబోయి చేతులు కాల్చుకున్న స్కాట్లాండ్, ఆ నష్టం ఒత్తిడి కూడా తోడై, ఇంగ్లండ్‌తో కలిసింది. కలిసేటప్పుడు తన న్యాయవ్యవస్థ, తన చర్చి తనకే ఉండాలని విలీన చట్టాల్లో రాయించుకుంది. మూడు వందల ఏళ్లు దాటినా అవి చెక్కుచెదరలేదు. మనం 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాం. సంతకం చేసినవారిలో మా పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు కూడా ఉన్నారు. ఆ హామీలు చట్టంగా నిలవలేదు. పదమూడేళ్లకే, 1969లో, పిల్లలు వీధుల్లోకి వచ్చారు. రాసుకున్న దానికీ, మాట అనుకున్న దానికీ ఉన్న తేడా ఇక్కడే మొదలైంది.

1979లో సొంత శాసనసభ కోసం స్కాట్లాండ్‌లో ఓటు పెడితే 51.6 శాతం ఔనన్నారు. అయినా మొత్తం ఓటర్లలో 40 శాతం ఔననాలన్న నిబంధన వల్ల వీగిపోయింది. 1997లో 74 శాతం ఔనన్నారు; 1999లో 129 మంది సభ్యుల పార్లమెంటు కొలువుదీరింది. 2011లో స్కాటిష్ నేషనల్ పార్టీ 69 స్థానాలు గెలిచి, మరుసటి ఏడాది లండన్‌తో ఒప్పందం చేసుకుని 2014లో స్వాతంత్ర్యం మీద ప్రజలను అడిగింది. 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. 84.6 శాతం ఓటర్లు కదిలి వచ్చారు. మా అమ్మాయి ఉన్న గ్లాస్గో కావాలంది. అక్కడితో ముగిసేదే. కానీ 2016లో ఐరోపా సమాఖ్యలోనే ఉండాలని స్కాట్లాండ్‌లో 62 శాతం ఓటు వేసినా, మొత్తం బ్రిటన్ లెక్కలో అదీ బయటికి వెళ్లవలసి వచ్చింది. పాత గాయం మళ్లీ రేగింది. 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ అనుమతి లేకుండా ఎడిన్‌బరాలోని స్కాట్లాండ్ పార్లమెంటు మరో ప్రజాభిప్రాయ సేకరణకు చట్టం చేయజాలదని తేల్చింది.

ఇప్పుడు మాకూ వారికీ ఉన్న తేడాలు. మమ్మల్ని ఎవరూ ఓటు పెట్టి అడగలేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం తీసుకోవాలి తప్ప దానికి కట్టుబడనక్కర లేదు. ఉమ్మడి శాసనసభ 2014 జనవరిలో బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ప్రజలను సూటిగా అడగడంలో స్కాట్లాండ్ మనకంటే మెరుగు. రెండో తేడా ఇంకా పెద్దది. మేము వేరే దేశంగా విడిపోలేదు. 2014 జూన్ 2 తెల్లవారాక కూడా జేబులో అదే రూపాయి, స్టేషన్లో అదే రైలు, తగాదా వస్తే వెళ్లడానికి అదే సుప్రీంకోర్టు. స్కాట్లాండ్ విడిపోతే ఇవన్నీ మారతాయి. ఇంతటి అండ ఉండి కూడా మా పంపకం ఎలా సాగిందో చూడండి. "జై స్కాట్లాండ్" అనే తమ్ముళ్లు ముఖ్యంగా మొదటి అంశం చదవాలని నా కోరిక.

1. నీళ్లు. బచావత్ ట్రైబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). విభజన చట్టంలో కృష్ణా నదికి బోర్డు ఉంది, దానిపై అపెక్స్ కౌన్సిల్ ఉంది, బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ గడువు పొడిగింపు ఉంది. ఎవరికి ఎన్ని టీఎంసీలో మాత్రం లేదు. అంటే "బావి ఉమ్మడి". 2015 జూన్‌లో అధికారులు కూర్చుని, తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఆ తాత్కాలికమే ఏటేటా లాక్కొచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య పంచమని ఆ ట్రైబ్యునల్‌కు కేంద్రం కొత్త విచారణాంశాలు ఇచ్చింది 2023 అక్టోబరులో. ప్రశ్న అడగడానికే తొమ్మిదేళ్లు పట్టింది!

అదే 2015 జూన్ 11న కరివెనలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు పునాదిరాయి పడింది. 12.30 లక్షల ఎకరాలన్నారు. మేము బస్సుల్లో వెళ్లి చూసివచ్చాం. కొబ్బరికాయ ముక్క కూడా తెచ్చుకున్నాను. మొదటి మోటారు తిరిగింది 2023 సెప్టెంబరు 16న. కల్వకుర్తి, నెట్టెంపాడు పేర్లు విభజన చట్టం పదకొండో షెడ్యూలులో ఉన్నాయి. పాలమూరు-రంగారెడ్డి పేరు లేదు. ఆ లేకపోవడమే తర్వాత ప్రతి అభ్యంతరానికీ ఆయుధమైంది. ఆ ఒక్క వరుస చేర్పించమని ఆనాడు ఢిల్లీలో గట్టిగా పట్టుబట్టనందుకు ఎవరిని అనాలి? 2009 నుంచి 2014 దాకా మహబూబ్‌నగర్ పార్లమెంటు సభ్యుడు ఉద్యమ నాయకుడే. మేమే గెలిపించుకున్నాం. అందరం సంబరంలో ఉన్నాం, నేనూ అందులోనే ఉన్నాను.

2023 నవంబరు 29 రాత్రి, తెలంగాణ పోలింగుకు కొన్ని గంటల ముందు, నాగార్జున సాగర్ ఆనకట్ట మీదికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చి సగం గేట్లు తమ అధీనంలోకి తీసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఇటు మన పోలీసులు నిలబడ్డారు. చివరికి కేంద్ర బలగాలను కాపలా పెట్టవలసి వచ్చింది. ఒకే దేశం, ఒకే భాష, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు ఉన్న జిల్లాలు. పైన తీర్పు చెప్పేవాడు లేని రెండు దేశాలైతే ఏమయ్యేదో మీరే ఊహించండి.

న్యాయంగా మరో మాట. అన్నిటినీ విభజన నెత్తిన వేయడం కుదరదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు; ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, ప్రత్యేక రాష్ట్రంలో పదేళ్లు దాటినా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారంతా ఇతర రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవారే. నారాయణపేట, కోస్గి నుంచి ముంబయి బస్సెక్కే మా పాలమూరు కూలీల వంటివారే. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన మర్రిగూడ పల్లెలకు కృష్ణ నీళ్లు తెస్తామని మొదలుపెట్టిన కాలువ కథ ఇది. వేరుపడినంత మాత్రాన పని చేతనైపోదు.

2. రాసుకుంటే చాలా అని అడుగుతారు. చాలదు. తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకాన్ని చూడండి. మా వైపు 87,500 ఎకరాలకు 15.9 టీఎంసీలు కాగితం మీద స్పష్టంగా ఉన్నాయి. ఆనకట్ట ఒక కొస కర్ణాటకలో, ఇంకో కొస కర్నూలు జిల్లాలో. తూములు మా చేతిలో లేవు. అలంపూర్ చివరి ఆయకట్టు రైతుకు ఆ 15.9 టీఎంసీల సంగతి చెబితే నవ్వుతాడు. అందుకే వంతుతో పాటు, తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగాలి.

సింగపూర్ ఈ సంగతి పసిగట్టింది. 1965 ఆగస్టు 9న మలేసియా దాన్ని బయటికి పంపింది. తాగే నీరు జొహోర్ నుంచి రావాలి. 1961, 1962 నీటి ఒప్పందాలకు మలేసియా హామీ ఉండేలా విభజన ఒప్పందంలోనే రాయించుకుని, దాన్ని ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించారు. రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా, 2061 వరకు. ధర మీద ఇప్పటికీ మాటా మాటా అనుకుంటారు. కానీ నీళ్లు ఆగలేదు. కన్నీళ్లతో విడిపోయిన రోజున కూడా నీటి లెక్క మరచిపోని ఆ తెలివి నాకు అసూయ కలిగిస్తుంది.

3. ఆస్తులు, అప్పులు. మా పంపకంలో మూడు కొలబద్దలు వాడారు. అప్పులకు జనాభా లెక్క: ఆంధ్రప్రదేశ్‌కు 58.32 శాతం, మాకు 41.68. కరెంటుకు వాడకం లెక్క: మాకు 53.89 శాతం. నీటికి పైన చెప్పిన తాత్కాలిక లెక్క. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో 91 సంస్థలు, పదో షెడ్యూలులో 142 సంస్థలు పెట్టారు. హైదరాబాద్ పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసిన నాటికి కూడా వీటిలో అనేకం తెగలేదు. నలిగింది చిన్నవాళ్లే. 2015లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఆంధ్రా స్థానికత పేరుతో వెయ్యి మందికి పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బతో పక్కకు పెట్టాయి. వారి బతుకు సుప్రీంకోర్టు నియమించిన ఏకసభ్య కమిటీ దాకా వెళ్లింది. అది మా వైపు తప్పు. ఆనాడు చప్పట్లు కొట్టినవారు మా వీధిలోనూ ఉన్నారు.

స్కాట్లాండ్ బ్రిటన్ జనాభాలో సుమారు 8 శాతం. 2014 జనవరిలో బ్రిటన్ ఖజానా శాఖ, అప్పటిదాకా తీసుకున్న అప్పులన్నిటికీ తానే జవాబుదారీ అని రుణదాతలకు చెప్పింది; స్కాట్లాండ్ తన వాటా లండన్‌కు చెల్లించాలి. ఆ వాటా ఎంత? అప్పు జనాభా లెక్కన, సముద్రంలోని చమురు భూభాగం లెక్కన పంచాలని ఒకరంటారు. కొలబద్ద ఏదో ముందే ఒప్పుకోకపోతే ఓటు తర్వాత ఒప్పుకునేవాడు ఎవడు?

4. డబ్బు. 2014లో స్వాతంత్ర్యం కోరినవారు పౌండునే ఉమ్మడిగా వాడుకుందామన్నారు. ఆ ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ కుదరదన్నారు. లండన్‌లోని మిగతా రెండు పెద్ద పార్టీలూ అదే అన్నాయి. ఓటు రోజుకు కూడా అది తేలలేదు. చెకోస్లొవేకియా 1993 జనవరి 1న ప్రశాంతంగా రెండుగా విడిపోయింది. ఆస్తులను జనాభా ప్రకారం రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు. డబ్బు మాత్రం కొంతకాలం ఉమ్మడిగా ఉంచుదామనుకున్నారు. ఆరు వారాలు నిండకుండానే ఎవరి నోట్లు వారు వేసుకున్నారు. గ్లాస్గోలో ఇల్లు కొని పాతికేళ్ల వాయిదాలు కడుతున్నవారికి ఇది పుస్తకంలో పాఠం కాదు. జీతం కొత్త నాణెంలో, అప్పు పాత పౌండులో ఉంటే నెల గడిచేది ఎలా? నేషనల్ ఇన్సూరెన్స్ పేరుతో ఇన్నాళ్లూ జీతంలో కోసుకున్న సొమ్ముకు రేపు పింఛను ఇచ్చేది లండనా, ఎడిన్‌బరానా?

5. చమురు. 2013 నవంబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం విడుదల చేసిన స్వాతంత్ర్య ప్రణాళిక పత్రం పీపా చమురు ధర 110 డాలర్ల చుట్టూ ఉంటుందని లెక్క వేసింది. 2016 మార్చి 24ను స్వాతంత్ర్య దినంగా ప్రతిపాదించింది. అదే 2016 జనవరిలో ధర 30 డాలర్ల కిందికి పడింది. ఔనని ఓటు పడి ఉంటే ఆ దేశం పురిట్లోనే కష్టాలు చూసేది. ఇటీవలి లెక్కల్లో కూడా స్కాట్లాండ్ ఖర్చుకూ రాబడికీ తేడా దాని ఉత్పత్తిలో పది శాతం దరిదాపుల్లో ఉంది. స్వాతంత్ర్యవాదుల జవాబు కూడా వినాలి: ఆ లెక్క ఇవాళ లండన్ నడిపే పద్ధతికి సంబంధించినది, రేపు మేము ఎంచుకునే పద్ధతికి కాదంటారు. అందులో నిజం ఉంది. "తెలంగాణ వస్తే కరెంటు ఉండదు, చీకటే" అన్న మాటలు మేమూ విన్నాం. అలా జరగలేదు. కానీ "రేపటి పద్ధతి" ఏమిటో అంకెలతో చూపమనడం తప్పు కాదు. దక్షిణ సూడాన్ 2011 జూలై 9న స్వతంత్రమైంది. 98 శాతానికి పైగా ఔనన్నారు. చమురు దక్షిణాన, ఓడరేవుకు చేర్చే గొట్టాలు ఉత్తరాన. రవాణా రుసుము ముందుగా తేల్చుకోలేదు. ఏడు నెలలు తిరగకముందే, 2012 జనవరిలో, బావులు కట్టేశారు. స్కాట్లాండ్‌కు అంత దుస్థితి వస్తుందని అనను. తేల్చుకోనిది ఎంత తొందరగా కాటేస్తుందో చెబుతున్నాను.

6. సరిహద్దు. స్కాట్లాండ్ బయటికి అమ్మేదానిలో సుమారు అరవై శాతం మిగతా బ్రిటన్‌కే వెళుతుంది. ఐరోపా సమాఖ్యలో తిరిగి చేరితే ఇంగ్లండ్ వైపు సుంకాల తనిఖీ తప్పదు. సరిహద్దుకు ఇవతల ఇల్లు, అవతల ఇంగ్లండ్‌లోని కార్లైల్ ఆసుపత్రిలో ఉద్యోగం అయితే రోజూ ఏమి చూపించి దాటాలి? మా దగ్గర రాష్ట్రం పుట్టకముందే ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు పోలవరం కోసం అటు పోయాయి. దిగువ సీలేరు విద్యుత్ కేంద్రమూ పోయింది. గీత ఎక్కడ గీస్తారన్నది పటం మీద చూడాల్సిన విషయం, ఉపన్యాసంలో వినేది కాదు.

7. వీసాలు. భయపెట్టే సందేశాలకు ఇదే జవాబు. చదువు తర్వాత పనిచేసుకునే వీసాను బ్రిటన్ 2012లో తీసేసింది, 2021లో మరో పేరుతో తిరిగి ఇచ్చింది. విడిపోకుండానే పోయింది, విడిపోకుండానే వచ్చింది. 2013 ప్రణాళిక పత్రంలో ఆ వీసాను తాము పునరుద్ధరిస్తామని స్వాతంత్ర్యవాదులు రాశారు. కాబట్టి మరునాడే రద్దనడం అబద్ధం. అప్పటికే లండన్ ముద్రతో ఉన్నవారిని కొత్త దేశం ఎలా చూస్తుందని అడగడం మాత్రం న్యాయం.

8. అడిగే దారి. ఇక్కడ తప్పు లండన్‌ది. కెనడా సుప్రీంకోర్టు 1998లో క్యూబెక్ విషయంలో, ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదని చెబుతూనే, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా దేశం చర్చలకు కూర్చోవలసిందేనని చెప్పింది. బ్రిటన్‌లో స్కాట్లాండ్‌కు అలాంటి దారి ఏదీ రాసి లేదు. ఏ స్థాయి మద్దతు కనిపిస్తే, ఎన్నేళ్లకు ఒకసారి మళ్లీ అడగనిస్తారో లండన్ చెప్పదు. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామని ఒక మాట, 23న ఇంకా సంప్రదింపులు కావాలని మరో మాట విన్నవాళ్లం మేము. ఆ రెండు వారాల తర్వాత మా పల్లెల్లో కుర్రవాళ్లు ఏమైపోయారో ఇక్కడ రాయలేను. దారి మూసిపెట్టి "ప్రశాంతంగా ఉండండి" అనడం పాలన కాదు.

వీటి మీద నా అడుగుడు ఇది.

తెలుగు సంఘాల కార్యవర్గాలకు: వచ్చే మూడు నెలల్లో ఒక సభ పెట్టండి. రెండు పక్షాల నుంచి ఇద్దరిద్దరిని పిలవండి. పై ప్రశ్నలు ముందుగా పంపి, జవాబులు రాతపూర్వకంగా తీసుకుని అందరికీ పంచండి. ఏ పక్షానికీ మద్దతు ప్రకటించమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. బతుకమ్మకు అద్దెకు తీసుకునే హాలే దీనికీ సరిపోతుంది. సభ పెట్టడం మీ వల్ల కాదంటే, మీ బృందంలో ఆ రెండు సందేశాలను కూడా ఆపండి.

ఓటర్లకు: ఓటు నమోదు చేయించుకోండి. తలుపు తట్టిన అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, రెండు ప్రశ్నలు అడగండి. స్వాతంత్ర్యం కోరేవారిని "డబ్బు, అప్పు, సరిహద్దు, పింఛను మీద మీ ముసాయిదా ఏది? తగాదా వస్తే తీర్పరి ఎవరు?" అని. వద్దనేవారిని "మళ్లీ అడగాలంటే జనం ఏమి చూపించాలి? అది చట్టంలో రాస్తారా?" అని. తెలంగాణ మీద మీకున్న అభిమానాన్నో, కోపాన్నో అక్కడి బ్యాలెట్ పెట్టెలో వేయకండి. అది వారి ఊరు, ఇప్పుడు మీది కూడా.

పాత్రికేయులకు: స్కాట్లాండ్‌ను తెలంగాణతో పోల్చే శీర్షిక పెట్టినప్పుడల్లా, మనది రాష్ట్రం, వారు కోరేది దేశం అన్న ఒక్క వాక్యం కింద చేర్చండి.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను వేరే ఉత్తరాల్లో అడుగుతూనే ఉన్నాను. తొమ్మిది, పది షెడ్యూళ్లలో తేలినవి ఏవి, తేలనివి ఏవి అన్న ఒక ఉమ్మడి జాబితా ఇద్దరూ సంతకం చేసి బయటపెట్టాలి. ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు.

నా ప్రశ్నల ప్రతి మా అమ్మాయి దగ్గర ఉంది. సభ ఏ రోజో చెబితే ఆమె తెస్తుంది. నేను కూడా ఇక్కడి నుంచి ఫోనులో మాట్లాడటానికి సిద్ధం. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా దొరుకుతాను. ఆదివారం మాత్రం పెట్టకండి. పెద్దమనుషులు చివరికి వారాలు పంచి రాసిచ్చిన కాగితం ప్రకారం ఆదివారం నీళ్ల వంతు మాది. ఆ రోజు నేను బావి దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వనపర్తి